జానెడు గడ్డం శాసనం

తామ్రకూట నగరానికి ఏడు గోపురాలు. ఏడింటికీ రాగిరేకుల తాపడం. వానాకాలపు ఉదయాన మబ్బు విడి ఎండ పడిందంటే చాలు, గోపురాలన్నీ కొలిమిలోంచి తీసిన కత్తుల్లా ఎర్రగా మెరిసేవి. కింద కుంకుమవాహిని నదిలో వాటి నీడలు పాముల్లా మెలికలు తిరిగేవి. కోటగోడల మీద నెమళ్లు, రేవులో చందనపు దుంగల తెప్పలు, అంగడివీధుల్లో ఏలకుల ఘుమఘుమ. చూడవచ్చినవాళ్లు నోరు తెరుచుకుని నిలబడిపోయే నగరం అది.

అంతటి నగరంలో మూడు నెలలుగా ఆరోగ్యాధిపతి లేడు.

అది చిన్న పదవి కాదు. ఏ బావి నీళ్లు తాగాలో, ఏ వీధి మూయాలో, ఏ రోగానికి ఏ మందు పంచాలో చెప్పేది ఆరోగ్యాధిపతే. ఆయన ఒక బావికి వేపమండ కట్టించాడంటే రాజు కూడా ఆ నీళ్లు ముట్టకూడదు. అన్నిటినీ మించి, నగరం నడిబొడ్డున ఉన్న రాతి ఔషధశాల ఆ పదవికి తగిన మనిషి వస్తే తప్ప తెరుచుకోదు. దానికి తాళం లేదు, తలుపు లేదు. శిలాముఖుడనే భూతం గుమ్మానికి అడ్డంగా, తానే తలుపై కూర్చుని ఉంటుంది. దాని పక్కన నిలువెత్తు నల్లరాయి. పదవికి ఎవరు తగుదురో రాజసభ తీర్మానించి, రాజు ముద్ర ఒత్తితే, ఆ మాటలు వాటంతట అవే నల్లరాతి మీద చెక్కుకుంటాయి. శిలాముఖుడు ఆ అక్షరాలు చదువుతాడు. వచ్చిన మనిషి వాటికి సరిపోతే పక్కకు జరుగుతాడు. సరిపోకపోతే మింగి, రుచి నచ్చనట్టు మొహం పెట్టి, ఏడు వీధుల అవతల కూరగాయల సంతలో పడేలా ఉమ్ముతాడు.

ముసలి ఆరోగ్యాధిపతి సోమభట్టు వరదలో కొట్టుకుపోయాడని, ఆయన ఉత్తరీయం రేవుమెట్ల దగ్గర దొరికిందని కబురు విని, ఆయన శిష్యురాలు మేఘవల్లి నాలుగు రోజులు పడవలో ప్రయాణం చేసి ఆ ఉదయాన తామ్రకూటం రేవులో దిగింది. ఆమె చేపలు పట్టే పల్లెకారుల పిల్ల. పన్నెండేళ్లు సోమభట్టు దగ్గర చదివింది. తరవాత ఆయన పంపగా, నది సముద్రంలో కలిసేచోట ఉన్న శంఖద్వీపానికి వెళ్లి, అక్కడి మహమ్మారి పూర్తిగా అణిగేదాకా నాలుగేళ్లు ఉండిపోయింది. సన్నగా, నల్లగా, చురుకైన కళ్లతో ఉండేది. ఎదుటివాళ్ల ముఖం కన్నా ముందు గోళ్లు చూసే అలవాటు.

రేవులో ఆమెకు మొదట కనబడినవి గోళ్లే. కావడి మోస్తున్న కుమ్మరి చేతి గోళ్లు కలువరేకుల్లా నీలంగా ఉన్నాయి. అడిగితే కుమ్మరిపేటలో అందరికీ అంతేనని, రెండొందల మంది మంచం పట్టారని చెప్పాడు. నీలిజ్వరం. దానికి మందు అగ్నివేరు. అగ్నివేరు ఔషధశాలలో తప్ప మరెక్కడా లేదు.

మేఘవల్లి మూట భుజాన వేసుకుని నేరుగా రాజసభకు నడిచింది.

సభలో మూడు నెలలుగా ఒకటే తగవు. పాత శాసనం ప్రకారం ఆరోగ్యాధిపతి కావాలంటే పన్నెండేళ్లు వైద్యం చదివి ఉండాలి, ఒక మహమ్మారిని దాని మధ్యే ఉండి చివరిదాకా చూసి ఉండాలి. మహామంత్రి సుభాషణుడికి ఈ శాసనం కంట్లో నలుసు. ఆయన బావమరిది పుష్పకేసరి అంతఃపురానికి పన్నీరు కలిపేవాడు. మంచి వాసనలు తెలుసుగాని మందులు తెలియవు. సేనాని గజకేతుడికీ అది నచ్చలేదు. ఆయన మేనమామ ఏనుగు అంబారీలకు కుచ్చులు కట్టించే అధికారి. వైద్యం తెలిసి ఉండాలనే పట్టుదల వల్లే ఈ పదవికి మనుషులు దొరకడం లేదని సుభాషణుడు తేనె పూసినట్టు చెప్పేవాడు. ఆ ఒక్క మాట మీద మాత్రం సేనాని ఆయనతో ఏకీభవించేవాడు. ఆ తరవాత ఎవరి మనిషికి సరిపోయే నియమం వాళ్లు చెప్పేవారు, రెండో వాళ్లు కొట్టేసేవారు. రాజు మణికంధరుడికి తగవులంటే తలనొప్పి. మీరిద్దరూ ఒక మాట మీదికి వస్తే ముద్ర వేస్తానని చెప్పి నెమళ్లకు గింజలు చల్లడానికి వెళ్లిపోయేవాడు.

మేఘవల్లి లోపలికి వచ్చి తన చదువు, శంఖద్వీపంలో తాను చేసిన పని చెప్పుకునేసరికి సభ ఒక్కసారిగా చల్లబడిపోయింది. పాత శాసనం ఆమె కొలతలు తీసుకుని కుట్టినట్టు సరిపోయింది. తెర వెనక కూర్చున్న రాజమాత కనకవేణి, ఇంకా ఆలస్యం దేనికని గొంతు సవరించుకుంది.

మంత్రి, సేనాని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏం చేయాలో మూడు నెలల్లో మొదటిసారి ఇద్దరికీ ఒకే ఆలోచన తట్టింది. ఆడది పనికిరాదు అని రాజమాత ఎదుట అనే ధైర్యం ఇద్దరికీ లేదు. సుభాషణుడు లేచి, ఆమె విద్యను, వినయాన్ని, ఓర్పును నోరారా పొగిడాడు. ప్రజలకు వైద్యుడి మీద గురి కుదరాలంటే గాంభీర్యం కావాలని, ఆ గాంభీర్యాన్ని కొలవడానికి ఏదైనా స్పష్టమైన కొలత ఉంటే బాగుంటుందని అన్నాడు. అరగడియలో కొత్త శాసనం తయారైంది. చదువు మాట, మహమ్మారి మాట అందులో లేవు. "అభ్యర్థికి జానెడు గడ్డం ఉండవలెను" అనే ముక్క మంత్రిది. "ఏనుగునెక్కి రావలెను" అనే ముక్క సేనానిది. తగవు తీరిందన్న సంతోషంలో మణికంధరుడు చదవకుండానే ముద్ర ఒత్తాడు. వీధిలో నల్లరాతి మీద అక్షరాలు చెక్కుకుంటున్న టకటక చప్పుడు సభలోకి వినిపించింది.

"దిగులుపడకమ్మా. నీకూ గడ్డం వచ్చిన రోజున తప్పకుండా రా," అన్నాడు సుభాషణుడు.

"వస్తాను," అంది మేఘవల్లి.

ఆ ఒక్క మాటలో ఏడుపు లేకపోవడం మంత్రికి నచ్చలేదు. మర్నాడు మిట్టమధ్యాహ్నానికి అభ్యర్థులంతా ఔషధశాల ముందుకు రావాలని చాటింపు వేయించి, అప్పటిదాకా ఈ పిల్లను గదిలో పెట్టి గడియ వేయమని నలుగురు భటులను వెంట పంపాడు.

మేఘవల్లి కుమ్మరిపేటకు వెళ్లేసరికి ఆ భటులు వెనకే మలుపు తిరుగుతున్నారు. ఆమె పరుగందుకుంది. కుండలు కాల్చే ఆవపు బూడిదలో కాళ్లు కూరుకుపోతుంటే, ఆరబెట్టిన కుండల వరసల మధ్య నుంచి, తడిమట్టి గుట్టల మీదుగా దూకుతూ, ఒక పెరట్లోకి జారింది. అక్కడ ధాన్యం పోసుకునే పెద్ద కాగులు నాలుగు నిలబెట్టి ఉన్నాయి. ఒకదాంట్లోకి దిగి ముడుచుకుంది. వసారాలో నులకమంచం మీద పడుకున్న సూరక్క అనే కుమ్మరి ముసలమ్మ అంతా చూసింది. భటులు వచ్చి అడిగితే, వణుకుతున్న చెయ్యి పైకెత్తి, నీలపు గోటితో వీధి చివర చూపించింది. వాళ్లు అటు పరుగెత్తారు.

మేఘవల్లి కాగులోంచి బయటికొచ్చి ముసలమ్మ నాడి పట్టుకుంది. చెయ్యి కాలుతోంది. నాడి గంతులేస్తోంది. ఇంకో రెండు రోజులు మించి ఆగదు. పక్క మంచం మీద ఆమె కోడలు, కింద చాపమీద కొడుకు. మేఘవల్లి ఆ పూటకు తన మూటలో ఉన్న శొంఠి, తిప్పతీగతో కషాయం కాచి ముగ్గురికీ పట్టించింది. అది జ్వరాన్ని ఆపేది కాదు, ఒక రోజు వెనక్కి నెట్టేది మాత్రమే.

"అవ్వా, రేపు మధ్యాహ్నానికి మందు తెస్తాను," అంది.

"ఎట్లా తెస్తావే? అది గడ్డమున్నోళ్లకేనంట గదా."

"గడ్డమే కదా. వెతుకుతాను."

గడ్డాలు ఎక్కడ దొరుకుతాయో ఆమెకు తెలుసు. తనతో పాటు అదే పడవలో ఒక వీధినాటకం మేళం దిగింది. మేళం నాయకురాలు కురంగికి దారిలో గొంతు పోతే మేఘవల్లే మిరియాల ముద్ద చప్పరింపజేసి బాగుచేసింది. సత్రం వసారాలో కురంగి పెట్టెలు విప్పుకుని కూర్చుని ఉంది. నలభై ఏళ్ల భారీ మనిషి. రాజు వేషం, రాక్షసి వేషం ఒకే రోజు కట్టగలదు. సంగతంతా విని, కడుపు పట్టుకుని నవ్వి, కళ్లు తుడుచుకుని, ఒక పెట్టె మూత తీసింది. నిండా గడ్డాలు. మునుల తెల్లగడ్డాలు, రాక్షసుల ఎర్రగడ్డాలు, సముద్రుడి ఆకుపచ్చ గడ్డం.

"నీకు ఏ గడ్డం నప్పుతుందో చూద్దాం రా అమ్మాయీ," అంది.

"గడ్డం సరే అక్కా, ఏనుగు మాటేమిటి?"

కురంగి సమాధానం చెప్పకుండా సత్రం మూల చూపించింది. అక్కడ వెదురుబద్దలకు గుడ్డ చుట్టి, మసి పూసి, చేటలు చెవులుగా కుట్టిన ఐరావతం నిలబడి ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఔషధశాల ముందు ఇసక వేస్తే రాలనంత జనం. వేదిక మీద రాజు, రాజమాత, మంత్రి, సేనాని. గుమ్మంలో కొండబండలా శిలాముఖుడు. వాడి కళ్లు రెండు బండిచక్రాలు, అరచేతులు రెండు అరటాకులు. నగారాలు మోగాయి. పట్టపుటేనుగు మీద, పూలదండల మధ్య, దువ్వి నూనె రాసిన జానెడు గడ్డంతో పుష్పకేసరి వచ్చాడు. అతని వెనక ఇంకో ఏనుగు మీద సేనాని మేనమామ. ఆ వెనక, ఎవరూ ఎరగని ఒక వృద్ధ వైద్యుడు, కాస్త కుంటుతూ నడిచే బక్క ఏనుగు మీద. తెల్లటి పొడుగాటి గడ్డం, నెత్తిన తలపాగా, చేతిలో ఊతకర్ర. ఆ ఏనుగు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ నడక కుదరడం లేదు. కాని అందరి చూపూ ఆ గడ్డం మీదే. ఇంతటి గంభీరమైన ముఖం తన జన్మలో చూడలేదని సుభాషణుడే పక్కనున్న సేనాని చెవిలో అన్నాడు.

పుష్పకేసరి దిగి, గడ్డం నిమురుకుంటూ గుమ్మం ముందు నిలబడ్డాడు. శిలాముఖుడు నల్లరాయి వైపు తిరిగి అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. తరవాత తన అరటాకు చెయ్యి చాచి, బొటనవేలు పుష్పకేసరి చుబుకానికి ఆనించి, చిటికెనవేలు కిందికి సాగదీశాడు. ఆ వేలు పుష్పకేసరి పాదాలు దాటి నేలను తాకింది.

"చాలదు," అన్నాడు శిలాముఖుడు.

జాన అంటే మనిషి జాన అని సుభాషణుడు వేదిక మీంచి చెప్పబోయాడు. రాతిమీద అలా రాసి లేదని శిలాముఖుడు వినయంగానే జవాబిచ్చి, పుష్పకేసరిని మింగాడు. మరుక్షణం పన్నీరు వాసన గుప్పుమంది, ఆకాశంలో ఒక పూలదండ ఎగిరింది, ఏడు వీధుల అవతల గుమ్మడికాయలు పగిలిన చప్పుడైంది. సేనాని మేనమామ తన వంతు వచ్చేదాకా ఆగలేదు. ఏనుగును వెనక్కి తిప్పి, అంబారీ కుచ్చులు ఎగురుతుండగా మాయమయ్యాడు.

మేఘవల్లి ఒళ్లంతా చెమట పట్టింది. తెల్లగడ్డం ఆమె నడుము దాకానే ఉంది. భూతం జాన ఆమె నిలువుకన్నా ఎక్కువ. జనంలో ఉన్న కురంగి వైపు చూసి, గడ్డం పట్టుకుని రెండుసార్లు కిందికి లాగింది. కురంగి అనుభవమున్న మనిషి. వెంటనే డప్పు అందుకుని, ఆరోగ్యాధిపతి గారి గౌరవార్థం నాట్యం అని కేకవేసింది. మేళం మొత్తం ఏనుగు చుట్టూ గిరగిరా తిరగసాగింది. తిరుగుతూనే ఒక్కొక్కరు పెట్టెలోంచి ఒక్కో గడ్డం పైకి విసిరారు. మేఘవల్లి వాటిని అందుకుని, ముడి మీద ముడి వేసి, తుమ్మబంక పూసి అతికించుకుంది. పాట ముగిసేసరికి వృద్ధ వైద్యుడి గడ్డం పైన తెలుపు, నడుమ ఎరుపు, కింద సముద్రపు ఆకుపచ్చగా ఏనుగు పక్కనుంచి నేల దాకా వేలాడుతోంది.

శిలాముఖుడు కొలిచాడు. సరిగ్గా జానెడు, ఇంకా బెత్తెడు ఎక్కువ. ఎర్రముక్క పట్టుకుని గుంజితే ముడి కాస్త జారింది. వాడి కళ్లు చిన్నవయ్యాయి.

"ఇది నీకు మొలిచిందా?"

"లేదు. తెచ్చుకున్నాను," అంది మేఘవల్లి. ఇంక దాచి లాభం లేదని తలపాగా తీసేసింది. జడ జారి వీపున పడింది. వేదిక మీద సుభాషణుడు లేచి నిలబడ్డాడు. "శాసనం మళ్లీ చదువు. అభ్యర్థికి గడ్డం ఉండవలెను అనే ఉంది. మొలవవలెను అని లేదు. నాకు ఊతకర్ర ఉంది, మూట ఉంది, గడ్డమూ ఉంది."

శిలాముఖుడు రాతి దగ్గరికి వంగి, వేలు పెట్టి మళ్లీ చదివాడు. పెదవులు కదుపుతూ మూడోసారి చదివాడు. తరవాత ఏనుగు వైపు తిరిగి, నువ్వు ఏనుగువేనా అని అడిగాడు. ముందుకాళ్లలో ఉన్న నటుడు ఒక్క క్షణం ఆలోచించి, అవునన్నాడు.

"అవునంటోంది," అని శిలాముఖుడు తనలో తాను అనుకుని, పక్కకు జరిగాడు. మూడు నెలల తరవాత ఔషధశాలలోకి వెలుగు పడింది. రాజమాత నవ్వు ఆపుకోలేక తెర అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేఘవల్లి గడ్డం పీకిపారేసి లోపలికి పరుగెత్తింది. వరసగా జాడీలు, మూలికల కట్టలు, తేనె తిత్తులు. ఎదురుగా ఆరోగ్యాధిపతి పీఠం. ఆ పీఠం మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నడుము దాకా రాయి. పైన సోమభట్టు.

"ఎవరూ, మేఘవల్లేనా? చిక్కిపోయావే," అన్నాడు ముసలాయన.

ఆమె వెళ్లి ఆయన చేతులు పట్టుకుంది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి, గోళ్లు ఎర్రగా ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూనే గబగబా సంగతి చెప్పాడు. ధూమ్రజటుడనే మాంత్రికుడు కింద సొరంగం తవ్వుకుని వచ్చాడు. నీలిజ్వరాన్ని పూర్వులు బంధించి దాచిన కుండను ఎత్తుకుపోయాడు. అడ్డుపడ్డ తనను రాయిని చేసి, తన ఉత్తరీయం నదిలో పారేశాడు. మంత్రం పూనిన ఒంటికి ఆకలి దప్పులు తెలియవు, రాయి మాత్రం రోజుకు గోరంత చొప్పున పైకి పాకుతోంది. మూత తీసిన ఆ కుండ కుమ్మరిపేట కింద ఎక్కడో ఉంది, దాని ఆవిరి బావుల్లో కలుస్తోంది. కొత్త ఆరోగ్యాధిపతి వస్తాడేమోనన్న భయం లేదా అని తాను అడిగితే, మీ రాజసభ సంగతి నాకు తెలుసులే అని మాంత్రికుడు పగలబడి నవ్వాడట.

గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న శిలాముఖుడు అసహనంగా కదిలాడు. తన కాపలా ద్వారానికేగాని సొరంగానికి కాదని, ముసలాయన బయటికి వచ్చాడా అని తననెవరూ అడగలేదని ముందుగా చెప్పుకున్నాడు. పీఠం ఖాళీగా లేదు గనక కొత్తవాళ్లకు లోపల చోటు లేదని, కాబట్టి ఈమెను మింగవలసి ఉంటుందని, బాధపడుతూ నోరు తెరిచాడు.

"ఆగు శిలాముఖా," అన్నాడు సోమభట్టు. "ఈమె నా ఉపాధిపతి. ఇప్పుడే నియమించాను."

"ఉపాధిపతికి ఏ అర్హతలుండాలి?"

"రాతిమీద చూడు."

శిలాముఖుడు రాయి ముందువైపు చూశాడు, వెనకవైపు చూశాడు. మూడు నెలల తగవులో ఉపాధిపతి అనే మాట ఎవరికీ తట్టలేదు. వాడు నోరు మూసుకున్నాడు.

మేఘవల్లి ఇక క్షణం ఆగలేదు. అగ్నివేరు జాడీలు ఒక్కొక్కటే గుమ్మం దాకా దొర్లించింది. కురంగి మేళం వాటిని అందుకుంది. ఎవరికి ఎంత మోతాదో చెప్పి, మొదటి గుక్క సూరక్కకు పట్టమంది. ఐరావతం కడుపులో ఎనిమిది జాడీలు పట్టాయి. మునులు, రాక్షసులు, సముద్రుడు తలో జాడీ నెత్తిన పెట్టుకుని కుమ్మరిపేట వైపు పరుగెత్తారు. వాళ్లు వీధి మలుపు తిరిగాక గాని సుభాషణుడు తేరుకోలేదు. ఉపాధిపతి పదవికి అర్హతలు వెంటనే నిర్ణయించాలని ఆయన కేకలు పెట్టాడు. ఎవరి మనిషికి సరిపోయేలా అని సేనాని ఎదురు కేకవేశాడు. వేదిక మీదే సభ మొదలైంది.

అగ్నివేరు ఇప్పటికే మంచం పట్టినవాళ్ల జ్వరం తగ్గిస్తుంది. కుండకు మూత పడకపోతే మళ్లీ కొత్తవాళ్లు జ్వరాన పడతారు. రాయిని కరిగించి గురువును మళ్లీ మనిషిని చేసే మంత్రజలం కూడా ఆ మాంత్రికుడి దగ్గరే ఉందని ఆయనే చెప్పాడు. మేఘవల్లి మూటలో నాలుగు అగ్నివేర్లు కట్టుకుని, పీఠం వెనక సొరంగంలోకి దిగింది.

మొదట మెట్లు. తరవాత జిగట బంకమట్టి. తరవాత కాలికింద ఏమీ లేదు. జర్రున జారి, వేలాడే చెట్లవేర్లను పట్టుకోబోయి, అవి తెగి, గిరికీలు కొడుతూ పోయి, మెత్తగా, వెచ్చగా ఉన్న దేనిమీదనో పడింది. అది ఊపిరి తీసుకుంటోంది. చీకట్లో రెండు పచ్చని కళ్లు వెలిగాయి. వాటి వెలుగులో పంది కోరలు, సింహం జూలు, ఏనుగంత ఒళ్లు. ధూమ్రజటుడు కుండకు కాపలా పెట్టిన మృగం. అది గర్జించబోయి, దగ్గింది.

మేఘవల్లి దాని పంజా వైపు చూసింది. గోళ్లు నీలంగా ఉన్నాయి. చెయ్యి చాచి దాని నుదురు తాకింది. కాలిపోతోంది. ఆమె మోకాళ్ల మీద లేచి కూర్చుని, మూట విప్పి, అగ్నివేరు ముక్క విరిచింది.

"నోరు తెరువు," అంది.

ఆమెను మింగాలని అది ఎలాగూ తెరవబోతోంది.